నలభై రోజుల తేడా

ఆమధ్య మా మేనల్లుడు కాలిఫోర్నియా నుంచి హోసూరు వచ్చాడు. వాడు తెచ్చిన సామాను మా అక్క విప్పుతుంటే, గాజుసీసాలకు చుట్టిన కాగితాల్లో ఒక రంగుల కరపత్రం కనిపించింది. కాగితం కనబడితే చదవకుండా పారెయ్యలేకపోవటం నాకు బేంకు ఉద్యోగం అంటించిన జబ్బు. నల్లగౌను వేసుకున్న ఒక పెద్దమనిషి ఫోటో. కింద ఆయన చదువు, ఎన్నేళ్ళు వకీలుగా ఉన్నదీ, ఎన్నేళ్ళుగా జడ్జీగా ఉన్నదీ. ఆ కింద రక్తదాన శిబిరాలు, పిల్లల ఆటల పోటీలు, బీదలకు ఉచిత న్యాయసలహా అంటూ ఊరికి చేసిన సేవ. చివర్న, దయచేసి మళ్ళీ నన్నే ఎన్నుకోండి అని విన్నపం.

"ఏమిట్రా ఇది? జడ్జీ ఓట్లడగటమేమిటి?" అన్నాను.

"అక్కడంతే మామా. కౌన్సిలరు నిలబడ్డట్టే జడ్జీ కూడా నిలబడతాడు."

"మరి నువ్వెవరికి వేశావు?"

"నాకెక్కడిది ఓటు? గ్రీన్ కార్డు కోసమే పదకొండేళ్ళుగా వరసలో ఉన్నాను" అని నవ్వి, సీసాలు లోపల పెట్టటానికి వెళ్ళాడు.

నేను లాయరును కాను, చరిత్ర చదువుకున్నవాణ్ణీ కాను. బి.కాం. ప్యాసై బేంకులో చేరినవాణ్ణి. అయినా ఆ కరపత్రం నన్ను పట్టుకుని వదల్లేదు. అప్పు కోసం వచ్చినవాడి దరఖాస్తులాగే ఉంది మరి! ఇంతవరకు తీసుకున్నది సరిగ్గా కట్టాను, నా మాటకు ఫలానావారు సాక్ష్యం, కనుక మళ్ళీ ఇప్పించండి అన్నట్టు. మన దేశంలో జడ్జీ పరీక్ష రాసో, పైవారి ఎంపిక వల్లనో వస్తాడు. ఊళ్ళో ఎవరింటికీ భోజనానికైనా వెళ్ళకుండా దూరంగా ఉండటమే ఆయనకు మర్యాద అనుకుంటాం. అక్కడి జడ్జీ గుమ్మం గుమ్మం ఎక్కుతాడు. ఈ ఆచారం ఎక్కడ పుట్టిందో చూద్దామని మొదలుపెట్టిన చదువు చివరికి ఒక పంజాబీ రైతు దగ్గరికి తీసుకెళ్ళింది. ఈ వ్యాసం ఆయన గురించే.

ముందు ఆచారం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. అమెరికాలో ఫెడరల్ జడ్జీలకు ఎన్నిక లేదు. అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తాడు, సెనేటు ఒప్పుకోవాలి, ఆపైన ఆ పదవి జీవితాంతం. రాష్ట్రాల దారి వేరు. తమ జడ్జీలందరినీ ఓటుతోనే ఎన్నుకోవాలని మొదట రాసుకున్నది మిసిసిపి, 1832లో. 1846లో న్యూయార్కు అదే బాట పట్టింది. తర్వాత ఒకదాన్ని చూసి ఒకటి. గవర్నర్లు తమవాళ్ళను, తమ పార్టీవాళ్ళను పీఠాల మీద కూర్చోబెడుతున్నారన్న కోపం దీనికి ఒక కారణం. ఇప్పుడు సగానికి చాలా పైబడిన రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో జడ్జీలు ఓటరు ముందుకు రావలసిందే. కాలిఫోర్నియాలో జిల్లా కోర్టు వంటి సుపీరియర్ కోర్టు జడ్జీకి గడువు ఆరేళ్ళు. అభ్యర్థి పేరు పక్కన పార్టీ గుర్తు ఉండదు. ఉన్న జడ్జీకి ఎదురు ఎవరూ నిలబడకపోతే ఆయన పేరు బ్యాలెట్ మీదికే రాదు. అంటే కరపత్రం అచ్చు వేయించుకున్న ఆ పెద్దమనిషికి ఎవరో గట్టివాడే ఎదురు నిలిచి ఉంటాడు.

ఇక దలీప్ సింగ్ సౌంద్ గారి కథ.

ఆయన 1899 సెప్టెంబరు 20న అమృత్‌సర్ జిల్లాలో ఛజ్జల్వడ్డీ అనే పల్లెలో పుట్టారు. లెక్కల్లో బి.ఏ. చేసి 1920లో అమెరికా వెళ్ళారు. పళ్ళు, కూరగాయలు డబ్బాల్లో నిలవచేసే విద్య నేర్చుకుని వచ్చి, మన దేశంలో ఆ పరిశ్రమ పెడదామని ఆలోచన. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరి, స్టాక్టన్ గురుద్వారావారు విద్యార్థుల కోసం నడిపే ఇంట్లో ఉంటూ, సెలవుల్లో డబ్బా కర్మాగారాల్లో కూలికి పనిచేశారు. మనసు మళ్ళీ లెక్కల మీదికే పోయింది. 1922లో ఎమ్.ఏ., 1924లో పిహెచ్.డి. పుచ్చుకున్నారు.

అంత చదివినవాడికి కాలేజీలో ఉద్యోగం రావాలి గదా! రాలేదు. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ అనే మరో పంజాబీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, హిందూదేశస్థులు చట్టం చెప్పే అర్థంలో తెల్లవారు కారు, కనుక పౌరసత్వానికి పనికిరారు అని తీర్పు చెప్పింది. పౌరసత్వానికి అర్హత లేనివారు పొలం కొనకూడదన్న చట్టం కాలిఫోర్నియాలో 1913 నుంచే ఉంది. 1920లో దాన్ని ఇంకా బిగించి, కౌలుకు తీసుకోవటం కూడా కూడదన్నారు. ఇలా రెండు వైపులా తలుపులు మూసుకున్న వేళ, లెక్కల డాక్టరు 1925 వేసవిలో ఇంపీరియల్ లోయకు వెళ్ళి పత్తి ఏరే కూలీల మీద మేస్త్రీగా చేరారు.

ఆ లోయ సముద్రమట్టానికి కిందనున్న ఎడారి. కొలరాడో నది నుంచి కాలువ తవ్వి తెచ్చిన నీళ్ళే దానికి ప్రాణం. ఎండల సంగతి బళ్ళారివారికీ రాయచూరువారికీ చెబితే వెంటనే అర్థమౌతుంది. అప్పటికే అక్కడ కొన్ని వందలమంది పంజాబీలు సేద్యం చేస్తున్నారు. పొలాలు పేరుకు ఎవరో అమెరికన్ స్నేహితుడివి, చెమట వీళ్ళది. మన భాషలో బినామీ. తేడా ఏమిటంటే, మన దగ్గర బినామీ ఎక్కువ ఉన్నవాడి ఎత్తుగడ, అక్కడ ఏమీ ఉండకూడదన్నవాడికి మిగిలిన ఒకే దారి. సౌంద్ గారూ లెట్యూస్ అనే ఆకుకూర, మరికొన్ని పంటలు వేశారు. ధరలు పడిపోయి బాగా నష్టపోయారు. చుట్టుపక్కల చాలామంది దివాలా తీసి చేతులు దులుపుకున్నా తాను మాత్రం ఆ పని చెయ్యక, ఏళ్ళ తరబడి అప్పు తీర్చారు. ఇన్నేళ్ళుగా బాకీల ఫైళ్ళు తిరగేస్తున్న నాబోటివాడికి ఈ ఒక్క సంగతితోనే ఆ మనిషి మీద గురి కుదిరింది. చిన్న ఊళ్ళో మాట నిలబెట్టుకున్నవాడి సంగతి అందరికీ తెలుస్తుంది. పాతికేళ్ళ తర్వాత ఓట్లడిగినప్పుడు ఆయన వెంట ఉన్న అసలు కరపత్రం అదేనని నా ఊహ.

1928లో మేరియన్ కోసా అనే చెక్ వంశపు అమెరికన్ యువతిని పెళ్ళాడారు. ముగ్గురు పిల్లలు. వీలైనప్పుడల్లా చర్చీల్లో, సంఘాల్లో హిందూదేశపు స్వాతంత్ర్యం గురించి ఉపన్యాసాలు. కేథరిన్ మేయో మన దేశాన్ని నిందిస్తూ రాసిన పుస్తకానికి జవాబుగా 1930లో ‘మై మదర్ ఇండియా’ అనే పుస్తకం రాశారు. రెండో ప్రపంచయుద్ధకాలంలో తోటి పంజాబీలను కూడగట్టి ఇండియా అసోసియేషన్ ఆఫ్ అమెరికా పెట్టి, పౌరసత్వం కోసం పోరాడారు. న్యూయార్కు నుంచి జె.జె. సింగ్ గారి ఇండియా లీగ్ అదే పని చేస్తోంది. చివరికి 1946 జూలై 2న అధ్యక్షుడు ట్రూమన్ లూస్–సెల్లర్ చట్టం మీద సంతకం పెట్టారు. మన దేశం నుంచి ఏటా 100 మంది వలస రావచ్చు, అక్కడున్నవారు పౌరులు కావచ్చు. 1949 డిసెంబరు 16న సౌంద్ గారు అమెరికా పౌరులయ్యారు. అడుగుపెట్టిన 29 ఏళ్ళకు!

ఆ తేదీని పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

ఇంపీరియల్ కౌంటీలో వెస్ట్‌మోర్లాండ్ చిన్న ఊరు. అక్కడ జస్టిస్ కోర్టు అని ఒకటి ఉండేది. ట్రాఫిక్ నేరాలు, చిల్లర తగాదాలు, చిన్నచిన్న సొమ్ముల దావాలు అక్కడ తేలేవి. జడ్జీకి లా పట్టా ఉండనక్కర్లేదు, ఊరివాళ్ళు ఎన్నుకుంటే చాలు. మన పాత గ్రామ మునసబు గుర్తుకొస్తాడు. మద్రాసు రాజధానిలో మునసబు చిన్నచిన్న దావాలు తానే తీర్చేవాడు. అయితే మునసబుగిరీ ఎక్కువగా వంశాన్ని బట్టి వచ్చేది, జనం చేతిలోది కాదు. తమిళనాట ఆ గ్రామోద్యోగాలు 1980లో రద్దయినాయి, ఆంధ్రలో 1984లో.

పౌరసత్వం వచ్చిన ఏడాదిలోనే సౌంద్ గారు ఈ జడ్జీ పదవికి నిలబడ్డారు. 1950 నవంబరులో గెలిచారు కూడా. అక్కడ వచ్చింది చిక్కు. అభ్యర్థి ఎన్నికనాటికి కనీసం ఒక సంవత్సరం పౌరుడై ఉండాలన్నారు. ఆ ఏడు సాధారణ ఎన్నికలు నవంబరు 7న జరిగాయి. సంవత్సరం నిండేది డిసెంబరు 16న. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను, ముప్పై తొమ్మిది రోజులు తక్కువ! పీఠమెక్కే వేళకు ఏడాది నిండుతుంది గదా అంటే కోర్టు ఒప్పుకోలేదు. జనం ఇచ్చిన కుర్చీ చేతికి రాకుండా పోయింది. ఇరవై తొమ్మిదేళ్ళు ఆగినవాడికి ముప్పై తొమ్మిది రోజులు లోటయ్యాయి.

ఇక్కడ బేంకువాడి మాట ఒకటి చెప్పుకోవాలి. మా వృత్తిలో చెక్కు మీద వేసిన తేదీ ఒకటి, డబ్బు ఖాతాలో పడ్డ తేదీ ఇంకొకటి. ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి అన్నదాని మీదే వడ్డీ అంతా ఆధారపడుతుంది. ఒక్క రోజు అటూ ఇటూ అయితే ఖాతాదారు కౌంటరు ముందు నిలబడి కేకలు వేస్తాడు. సౌంద్ గారు కేకలు వేసినట్టు కనపడదు. పత్రికలకెక్కి ఏడ్చినట్టూ లేదు. రెండేళ్ళు పొలం పని చూసుకుని, 1952లో అదే పదవికి, అదే ఊరివాళ్ళను మళ్ళీ ఓటడిగారు.

ఒకసారి ఇచ్చిన ఓటు కొట్టుకుపోయినవాళ్ళ దగ్గరికి రెండోసారి వెళ్ళటం తేలిక కాదు. ఆ ప్రచారం నాటి సంఘటన ఒకటి ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నారు. ఊళ్ళో నలుగురూ చేరే హోటల్లో ఒక పెద్దమనిషి అందరూ వినేట్టు అడిగాడట, నువ్వు జడ్జీవైతే నీ కోర్టుకు వచ్చేవాళ్ళకు తలపాగాలు నువ్వే ఇస్తావా, మేమే కొనుక్కోవాలా అని. సౌంద్ గారు కోప్పడలేదు. తల మీద ఏముందన్నది తనకు పట్టదని, తల లోపల ఏముందో అదే చూస్తానని బదులిచ్చారట. హోటలంతా నవ్వింది, ఆ మాట ఊరంతా పాకింది. ఆయన సమాధానం కన్నా ఆ నవ్వు ముఖ్యమనిపిస్తుంది నాకు. ఎగతాళి చేసిన మనిషి కూడా ఆ ఊరివాడే, రేపు అతని ఓటూ కావాలి. పరాయివాడు జవాబు చెప్పేటప్పుడు ఎదటివాడికి తిరిగి స్నేహంలోకి వచ్చే దారి కూడా ఉంచాలి. మనలో చాలామందికి అది చేతకాదు. నా సంగతి కాసేపట్లో చెబుతాను.

ఈసారి గెలుపును ఎవరూ లాక్కోలేదు. పౌరసత్వానికి మూడేళ్ళు నిండవస్తున్నాయి. 1953 నుంచి నాలుగేళ్ళు వెస్ట్‌మోర్లాండ్ జడ్జీగా ఉన్నారు. ఊళ్ళో జూదం, వ్యభిచారం, మత్తుమందులు అన్నీ ఉండేవి. వాటి మీద ఆయన గట్టిగా తీర్పులు చెప్పి ఊరిని దారిలో పెట్టారని పేరు. మరో పక్క ఎరువుల దుకాణం నడిపేవారు. పొద్దున ఎవరికి ఎరువు బస్తా అమ్మాడో మధ్యాహ్నం అతనికే జరిమానా వెయ్యవలసి రావచ్చు. ఇది మంచి పద్ధతేనా అని మీరు అడగవచ్చు. నేనూ అడుగుతాను. మా బేంకులో ఆఫీసరు తన బంధువుకు అప్పు మంజూరు చెయ్యకూడదన్న నియమం ఊరికే పెట్టలేదు.

ఎన్నికైన జడ్జీకి ఉండే అసలు ప్రమాదం మాత్రం అంతకన్నా పెద్దది. అదే కాలిఫోర్నియాలో 1986లో రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి రోజ్ బర్డ్ గారిని, మరో ఇద్దరు న్యాయమూర్తులను ఓటర్లు ఇంటికి పంపారు. ఆ పై కోర్టుకు పోటీ ఉండదు, ఉంచాలా వద్దా అన్న ప్రశ్న ఒక్కటే. తన ముందుకు వచ్చిన మరణశిక్షల్లో ఒక్కదాన్నీ ఆమె సమర్థించకపోవటమే ముఖ్య కారణం. తీర్పు నచ్చకపోతే జడ్జీని తీసెయ్యగలిగితే, ఎన్నికల ఏడు జడ్జీ చెయ్యి ఎటు వణుకుతుందో ఊహించవచ్చు. లా చదవని జడ్జీల సంగతికి వస్తే, జైలుశిక్ష పడగల కేసులను వాళ్ళు విచారించటం న్యాయం కాదని 1974లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే చెప్పింది. 1995 వచ్చేసరికి జస్టిస్ కోర్టులనే ఎత్తేశారు. సౌంద్ గారు కూర్చున్న కుర్చీ వంటిది ఇప్పుడా రాష్ట్రంలో లేదు.

అవన్నీ నిజమే. అయినా ఒక్క ప్రశ్న మిగులుతుంది. 1952లో ఆ కుర్చీ నియామకం వల్ల భర్తీ చేసేదై ఉంటే, గవర్నరు ఛజ్జల్వడ్డీ నుంచి వచ్చిన రైతును పిలిచి కూర్చోబెట్టేవాడా? నాకు నమ్మకం లేదు. సర్కారు కాగితాల్లో ఆయన 1949 దాకా పరాయివాడు. చట్టం కన్నా ముందు ఆయన్ను తమవాడని ఒప్పుకున్నది ఆ పల్లెటూరి ఓటర్లే. కాలం మారింది. మన విజయవాడలో పెరిగిన బాడిగ జయ గారిని 2024లో కాలిఫోర్నియా గవర్నరు శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జీగా నియమించారు. ఆ సభలో ఆవిడ తెలుగులో మాట్లాడారు. ఆ వీడియో మా ఇంట్లో రెండుసార్లు చూశాం. మా అక్క కళ్ళు తుడుచుకుంది.

తిరిగి తేదీల దగ్గరికి వద్దాం. 1956లో సౌంద్ గారు జడ్జీగా ఉంటూనే అమెరికా కాంగ్రెసు దిగువసభకు పోటీచేశారు. అక్కడ సభ్యుడు కావాలంటే ఏడేళ్ళు పౌరుడై ఉండాలి. సొంత డెమొక్రాటిక్ పార్టీలోనే టిక్కెట్టుకు పోటీపడ్డ ఒకాయన, ఈయనకు ఏడేళ్ళు నిండలేదని కోర్టుకెక్కాడు. ఎన్నిక నవంబరు 6న. ఏడేళ్ళు నిండేది డిసెంబరు 16న. లెక్క చూడండి, సరిగ్గా నలభై రోజులు తక్కువ! ఆరేళ్ళ కిందటి ముప్పై తొమ్మిది రోజులే ఇంకొక రోజు పెరిగి ఎదురొచ్చాయి. ఈసారి మాత్రం లెక్కపెట్టవలసింది ఎన్నిక తేదీ నుంచి కాదు, జనవరి 3న సభలో కూర్చునే తేదీ నుంచి. కేసు నిలవలేదు. రెండు ఎన్నికల్లోనూ లోటు దాదాపు ఒకటే, ఒకచోట కుర్చీ పోయింది, ఒకచోట దక్కింది. నేను నా డైరీలో ఈ రెండు లెక్కలూ పక్కపక్కన రాసుకున్నాను, లెడ్జరులో రాసుకున్నట్టు.

రిపబ్లికన్ అభ్యర్థి సామాన్యురాలు కాదు. 1953లో ధ్వనివేగాన్ని దాటి విమానం నడిపిన మొదటి మహిళ జాక్వెలిన్ కాక్రన్. భర్త కోటీశ్వరుడు. సౌంద్ గారి తరఫున భార్యాపిల్లలు ఇంటింటికీ తిరిగారు. కొద్ది తేడాతో గెలిచారు. 1957 జనవరి 1న జడ్జీ పదవికి రాజీనామా ఇచ్చి, 3న ప్రమాణం చేశారు. ఆసియా ఖండంలో పుట్టి ఆ సభలో సభ్యుడైన మొదటి మనిషి ఆయనే. ఆ ఏడే మన దేశం వచ్చి పార్లమెంటులో మాట్లాడి, సొంత పల్లె కూడా చూసి వెళ్ళారు. 1958లో, 1960లో మళ్ళీ గెలిచారు. 1962 మేలో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ నవంబరులో ఓడిపోయారు. 1973 ఏప్రిల్ 22న కన్నుమూశారు. దక్షిణ కాలిఫోర్నియాలో టెమెక్యులా అనే ఊరి పోస్టాఫీసుకు 2005లో ఆయన పేరు పెట్టారు.

నా సంగతి చెబుతానన్నాను గదా. కొన్నేళ్ళ కిందట మా కాలనీ సంఘానికి ఎన్నికలు జరిగితే డైరెక్టరుగా నిలబడ్డాను. సంఘం లెక్కలు అప్పటికి మూడేళ్ళుగా నేనే సరిచేసి పెడుతున్నాను, జీతం లేకుండా. కాలనీలో మన తెలుగిళ్ళు సగానికి కొంచెం తక్కువ. తక్కినవి తమిళం, కన్నడం, నాలుగు మలయాళీ ఇళ్ళు. టీకొట్టు దగ్గర ఒకాయన నవ్వుతూనే అన్నాడు, ఇక సంఘం నోటీసులు తెలుగులో వస్తాయేమో, చదివి పెట్టటానికి మనిషిని పెట్టుకోవాలి అని. అక్కడున్నవాళ్ళు నవ్వారు. నా ముఖం ఎర్రబడింది. మా ముత్తాత తవ్వించిన బావి ఆ టీకొట్టు వెనకే ఉంది, నన్ను పరాయివాణ్ణి చేస్తావా అని గట్టిగా అడిగి, విసురుగా వచ్చేశాను. నేనన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆ తర్వాత ప్రచారానికి తెలుగిళ్ళకే వెళ్ళాను. తక్కిన రెండు వీధుల్లో అడుగు పెట్టలేదు. పదకొండు ఓట్లతో ఓడిపోయాను.

మేనల్లుడు తిరిగి వెళ్ళేటప్పుడు ఆ కరపత్రం నా దగ్గరే ఉంచుకుంటానన్నాను. నవ్వాడు. విమానాశ్రయానికి కారు బయల్దేరాక, ఆ జడ్జీగారు గెలిచారో లేదో అడగటం మరిచిపోయానని గుర్తొచ్చింది. ఫోను చేస్తే వాడికీ తెలియదు. ఓటు లేనివాడు ఫలితం ఎందుకు చూస్తాడు? కాని పక్కింటి అమెరికన్ ముసలాయన కళ్ళు కనపడక, వచ్చిన కరపత్రాలన్నీ తనచేతే చదివించుకున్నాడని, ఏ జడ్జీకి వెయ్యాలో నువ్వే చెప్పమని అడిగాడని చెప్పాడు.

"నువ్వేం చెప్పావురా?"

"ఇద్దరివీ మళ్ళీ ఒకసారి చదివి వినిపించాను మామా" అన్నాడు.